భూగర్భ రైల్లో నాన్న గొంతు

ఈ రోజు హాంగ్‌కాంగ్‌లో మా నాన్న మా పరువు తీసి, మళ్లీ తనే నిలబెట్టాడు. షోలాపూర్ అశోక్ చౌక్ దగ్గర పవర్‌లూమ్ నడిపే మనిషి. మగ్గాల చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ, ఆయన గుసగుసలు కూడా వీధి చివరికి వినిపిస్తాయి. ఇక్కడ పనిచేసే బాబాయి ఊరు చూపిస్తానని మమ్మల్ని పిలిపించాడు. పొద్దున పడవ మీదే కెమెరా రీలంతా అయిపోయింది. సాయంత్రం భూగర్భ రైలెక్కాం. పెట్టెలో ఎవరూ మాట్లాడటం లేదు.

“ఏంది, మన స్టేషన్ వచ్చిందా?” అని నాన్న అడగ్గానే అందరూ ఇటు తిరిగారు.

“జర హళూ మాట్లాడుండ్రి! ఇది మన కార్ఖానా కాదు,” అంది అమ్మ తల దించుకుని.

“అరె, మెల్లగనే మాట్లాడ్తున్న కదనే!”

ఎదురుగా కూర్చున్న చైనా తాత పకపకా నవ్వాడు. తన చెవి చూపించి, మగ్గంలో నాడె అటూ ఇటూ పరిగెత్తినట్టు చేతులూపి, “ఖట్ ఖట్ ఖట్” అన్నాడు. ఆయనా నేతగాడే! నాన్న వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఒకరు తెలుగులో, ఒకరు చైనీస్‌లో అరుచుకుంటుంటే అమ్మతో సహా అందరం కడుపుబ్బా నవ్వాం. దిగాల్సిన స్టేషన్ ఎప్పుడో దాటిపోయింది.

ఇప్పుడు గదిలో కూర్చుని, ఆ తాత చెప్పినదంతా నాన్న మాకు వివరంగా వినిపిస్తున్నాడు. నమ్మమంటారా?