మూడో గుంత

పోయిన వేసవిలో కర్నూలు నుంచి కడపకు పోయే బస్సులో, నా పక్క సీట్లో నలభై దాటిన మనిషి ఒకాయన కూర్చున్నాడు. కూర్చున్నది మొదలు ఫోన్లో ఆటే. నా చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన వీడియో గేము అది. బొమ్మ దూకినప్పుడల్లా కుయ్‌మనే చప్పుడు బస్సంతా వినిపిస్తోంది.

"సౌండు తగ్గించన్నా," అన్నాను విసుగ్గా. వెంటనే తగ్గించాడు.

అసలు బాధ అప్పుడు మొదలైంది. చెవులు ఖాళీ అయ్యేసరికి కళ్లు ఆట మీద పడ్డాయి. రెండు గుంతలు చక్కగా దూకుతాడు, మూడోదాంట్లో పడతాడు. మళ్లీ మొదటికి. మళ్లీ అక్కడే! ఎండాకాలం సెలవుల్లో మా అక్క కూడా సరిగ్గా ఇంతే. పక్కన కూర్చుని తల బాదుకునేవాణ్ణి.

మైదుకూరు వచ్చేసరికి నావల్ల కాలేదు. "రవ్వంత ఆగి దూకన్నా! ఎన్నిసార్లు పడతావు?"

ఆయన నవ్వాడు. "దూకేది తెలుసప్పా, అలవాటు పోలేదు. మా ఇంట్లో ఆడేదానికి రిమోటు ఒకటే ఉండె. నేను ఔటయితే గదా మా తమ్మునికి వంతు వచ్చేది. వాడు నోరు తెరిచి అడగడు. ఊరికే నా చేతులే చూస్తాండె."

అని ఫోను నా చేతిలో పెట్టాడు. "ఆడుపా."

పట్టుకున్నాను గానీ ఆడలేదు.

మా ఇంట్లోనూ రిమోటు ఒకటే. మా అక్కకు ఆట రాదని ఆమె పిల్లల ముందు కూడా ఎగతాళి చేస్తూనే వచ్చాను. ఆమె ఒక్కసారైనా కాదనలేదు.