మా ఆయన కుడి చెయ్యి

మా ఆయన ధనరాజు గారు అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో టైపిస్టు. పుట్టింది రాజోలు దగ్గర పల్లెలో. వాళ్ళ నాన్నగారు ఊడ్పులకీ కోతలకీ వెళ్ళిన మనిషి. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే పని ఈయనతోనే మొదలైంది.

పంతొమ్మిదేళ్ళు ఒకే టైపు మిషను మీద చేశారు. నాలుగు వరసలు కొట్టగానే పక్కనున్న నల్ల నాబు కొంచెం తిప్పి, కాగితం పైకి లేపి, కొట్టింది చూసుకుని, మళ్ళీ కిందికి తిప్పేవారు. చర్చిలో ప్రార్థన జరుగుతున్నా ఆ వేళ్ళు మోకాలి మీద అలాగే తిరిగేవి. నేను మోచేత్తో పొడిస్తే ఆగేవి.

ఎనభై ఏడులో కాలేజీకి కంప్యూటరూ, దాని పక్కన ప్రింటరూ వచ్చాయి. కాకినాడ నుంచి ఒకాయన వచ్చి నాలుగు రోజులు నేర్పి వెళ్ళిపోయాడు. ఐదో రోజున కరస్పాండెంటు గారు ఈయన్ని పిలిచి, ఆరువందల నలభైమంది పిల్లల మార్కుల కార్డులూ శనివారం సాయంత్రానికి అచ్చయి ఉండాలన్నారట. చేతకాకపోతే చెప్పెయ్యమన్నారట, కాకినాడ మనిషినే పెట్టుకుంటారట.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా అరుగు మీద కూర్చున్నారు.

“నలభై నాలుగేళ్ళు వచ్చేయి సరోజినీ. ఇప్పుడు ఆ కుర్చీ పోతే నాకు చెయ్యడానికి ఇంకేం వచ్చు?”

నా చేతిలో చేట ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు.

ప్రోగ్రాం అంటే ఆ ప్రింటరుకి ముందుగా రాసిపెట్టే ఉత్తర్వులట. అక్షరం వెడల్పుగా రావాలన్నా, దళసరిగా రావాలన్నా చేత్తో ఏదీ చెయ్యకూడదు, అంకెలతో చెప్పాలి. ఆ అంకెలన్నీ నోటుబుక్కులో రాసుకొచ్చారు. నేను చదివింది ఐదో తరగతి. అయినా పొయ్యి దగ్గర కూర్చుని, బైబిలు వాక్యాలు అప్పజెప్పించుకున్నట్టు ఆయన చేత అప్పజెప్పించుకునేదాన్ని.

“పధ్నాలుగు?”

“ఆ ఒక్క వరసా వెడల్పు.”

“పన్నెండు?”

“కార్డు అయిపోయింది, తర్వాతదానికి వెళ్ళు.”

“ఇరవై ఏడు?”

“అదీ... వచ్చే అక్షరం అచ్చెయ్యకు, అది ఆర్డరు, విను అని.”

“అయితే మీకంటే అదే నయం. చెప్తే వింటుంది,” అన్నాను. ఆయన నవ్వలేదు.

తప్పిన మార్కు మాత్రం దళసరిగా పడాలి. గురువారం ఆయన దళసరి మొదలుపెట్టమని రాశారు గానీ, చాలించమని రాయడం మర్చిపోయారు. ఎవరో పిల్లవాడు లెక్కల్లో తప్పాడు. అక్కణ్ణించి అందరి మార్కులూ నల్లగా వచ్చేశాయి. హెడ్డు గుమాస్తా సత్యనారాయణమూర్తి గారు ఆ కార్డులు చూసి, “ఏంటండీ ధనరాజు గారూ, కాలేజీ మొత్తాన్నీ తప్పించేసేరు! క్లాసు ఫస్టు వాడు కూడా పోయేడండీ,” అని ఆఫీసంతా వినేలా నవ్వారట. ఆ ఒక్క ఉత్తర్వూ చేర్చాక అది సర్దుకుంది.

శుక్రవారం ఇంకో జబ్బు మొదలైంది. కొన్ని కార్డులు బాగానే పడతాయి. తర్వాత ఉన్నట్టుండి అంకెలన్నీ ఒక గడి కిందికి జరిగిపోతాయి. తెలుగు మార్కు ఇంగ్లీషు గడిలో పడుతుంది. ప్రోగ్రాం ఎన్నిసార్లు చూసుకున్నా తప్పు దొరకలేదు. కార్డులేమో గడులతో సహా ముందే అచ్చు వేయించినవి. అదనంగా తెప్పించిన అరవైలో నాలుగే మిగిలాయి.

శనివారం పొద్దున్న అన్నం ముట్టకుండా, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ గుండీలు చూశాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని నేనే ఆఫీసుకి వెళ్ళాను. అంతకుముందెప్పుడూ ఆ గుమ్మం ఎక్కలేదు.

ఆయన వీపు నాకేసి ఉంది. మిషను కర్రుకర్రుమంటోంది. ఒక కార్డు పడింది, రెండోది పడింది. మూడోది సగంలో ఉండగా అది క్షణం ఆగింది. ఆయన కుడి చెయ్యి లేచి, పక్కనున్న నాబు మీదికి వెళ్ళింది. కొంచెం పైకి, కొంచెం కిందికి. కళ్ళు మాత్రం కంప్యూటరు మీదే ఉన్నాయి.

“ఏవండీ, తిప్పేరు.”

ఉలిక్కిపడి వెనక్కి చూశారు. “ఏంటే తిప్పేది?”

“ఆ నాబు.”

“నేనెందుకు తిప్పుతాను? ముట్టుకోవద్దని కాకినాడాయన మరీమరీ చెప్పేడు. కార్డుకి ఎన్ని వరసలో అదే లెక్కపెట్టుకుంటుంది. మనం చేత్తో తిప్పితే దానికి తెలీదు, ఒక్క వరస అటూ ఇటూ అయినా లెక్క తప్పుతుంది.”

“తిప్పేరండీ. నా కళ్ళతో చూసేను.”

సత్యనారాయణమూర్తి గారు తలెత్తారు. “ఆయ్, నిజమేనండీ. నిన్నట్నించీ తిప్పుతూనే ఉన్నారు. పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నదే కదాని నేనూ పట్టించుకోలేదండీ.”

మా ఆయన తన చేతికేసి పరాయివాళ్ళ చేతిని చూసినట్టు చూశారు. మూడో కార్డు పాడయింది. ఇంక పాడవడానికి మూడే ఉన్నాయి. కాగితం మొదటికి సరిచేసి, కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నారు. ఎడం చేత్తో మీట నొక్కారు.

సాయంత్రం దాకా అలాగే కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. రెండుసార్లు ఆ భుజం కదిలింది. రెండుసార్లూ దగ్గాను. ఐదు గంటలకి కరస్పాండెంటు గారు వచ్చి, కార్డులు తిరగేసి, “ఊఁ” అని పట్టుకెళ్ళారు. కుర్చీ నిలిచింది. క్యారేజీ విప్పితే, చెయ్యి తిమ్మిరెక్కి ముద్ద పట్టలేకపోయారు.

ఆ కుర్చీలో ఆయన ఆ తర్వాత పధ్నాలుగు నెలలే కూర్చున్నారు. గుండెపోటు వచ్చి కాకినాడ ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు మధ్యాహ్నం, కళ్ళు మూసుకునే ఉన్నారు గానీ కుడిచేతి వేళ్ళు దుప్పటి మీద తిరుగుతున్నాయి. కొంచెం పైకి, కొంచెం కిందికి. సెలైను సూది ఉన్న చెయ్యి. కదిపితే ఊడిపోతుందని నర్సమ్మ అప్పటికే రెండుసార్లు కసిరింది. నేను దగ్గాను. వినలేదు. ఆ చేతి మీద చెయ్యి వేసి, “తిప్పకండి. దాని లెక్క అది చూసుకుంటుంది,” అన్నాను.

చెయ్యి ఆగిపోయింది.

ఎంతసేపు చూసినా మళ్ళీ కదల్లేదు. నా చెయ్యి తీసేసి, “ఏవండీ, తిప్పండి. ఒక్కసారి తిప్పండి,” అన్నాను.