మట్టి చేతికీ అంటు చేతికీ ఒకే కూలి

"మీరే చెప్పారంటగా అత్తయ్యా! మట్టి నింపేవాళ్ళకి రోజుకూలి దేనికండీ, కవరుకి ఇంతని గుత్త కట్టండీ అని మీ నోటితోనే చెప్పారంటగా!"

"చెప్పాను. అయితే ఏంటంట?"

"ఏంటా? పన్నెండు మంది ఆడవాళ్ళ కూలి పోయింది. అందులో నేనూ ఉన్నాను. నేను ఈ ఇంటి మనిషిని కాదేంటండీ?"

"నీకు అంటు కట్టడం వచ్చా? కత్తి పట్టుకోవడం వచ్చా? మరి నాతో సమానంగా నీకెందుకే కూలి?"

"మీ కూలి ఏమీ తగ్గలేదు కదండీ. మీకూ కాస్త పెరిగింది. నాకు మీ అంత వచ్చిందనే మీ ఏడుపంతా."

మా అబ్బాయి కంచం ముందు కూచుని ఉన్నాడు. రావులపాలెం మార్కెట్లో పొద్దుట్నించీ అరటి గెలలు మోసి వచ్చిన మనిషి. "కాస్త పచ్చడేసి తిట్టుకోండే," అన్నాడు. ఇద్దరమూ వెయ్యలేదు.

కోడలన్న మాట నిజం. ఇప్పుడు దాచుకుని ఏం చేస్తాను.

కడియం దగ్గర ఒక నర్సరీలో నేను మామిడి అంట్లు కడతాను. ఇరవై ఆరేళ్ళయింది. టెంక నుంచి మొలిచిన మొక్క తల తీసేసి, మొదలు మధ్యకి చీల్చి, మంచి రకం చెట్టు పుల్లని చెక్కి అందులో దిగేసి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టాలి. పట్టీ వదులైతే నీరు దిగి కుళ్ళిపోతుంది, మరీ బిగిస్తే మొక్క నలిగిపోతుంది. మూడు వారాలకి ఎర్రటి చిగురు కనిపిస్తే బతికినట్టు. నా చేతిలో చచ్చేవి తక్కువ. ఆ నర్సరీలో అంటు కట్టేదాన్ని నేనొక్కదాన్నే. మిగతా ఆడవాళ్ళంతా మట్టీ పేడా కలిపి కవర్లు నింపడం, మోయడం, నీళ్ళు పెట్టడం.

నాకు వాళ్ళకంటే రోజుకి యాభై రూపాయలు ఎక్కువ ఉండేది. ఆ యాభైతో నేనేమీ కొనుక్కున్నది లేదు. కానీ దాన్ని నగలాగా మెళ్ళో వేసుకుని తిరిగాను. ఆటోలో వెనక ఆరుగురు ఇరుక్కున్నా నన్ను కాస్త వదులుగా కూచోనిచ్చేవారు. ఇంట్లో మా కోడలు శనివారం కూలి తెచ్చి నా చేతిలో పెట్టేది. అందులోంచి ఆటోకింత, సబ్బుకింత అని నేనే తీసి ఇచ్చేదాన్ని. ఆమెని ఆ పనికి తీసుకెళ్ళింది కూడా నేనే. పదో తరగతి చదివింది, ఇంట్లో కూచుని ఏం చేస్తుందని.

ఈ గొడవ జరిగిన ఏడు ఎక్కడ చూసినా కనీస కూలి పెంచాలన్న మాటే. టీవీలో చొక్కాలు నలగని పెద్దమనుషులు గంటలకొద్దీ అరుచుకునేవారు. పెంచితే పనులు పోతాయని ఒకాయన, పెంచకపోతే మనుషులు పోతారని ఇంకొకాయన. మా నర్సరీలోనూ అదే గోల. "లారీ కిరాయి పెరిగింది, మొక్క రేటు పెరగలేదు. కూలి పెంచితే నలుగురు చేసే చోట ముగ్గురితోనే చేయించుకోవాలి," అనేవాడు మా రైతు. నర్సరీ ఓనర్ని మేం రైతనే అంటాం. "గ్యాసు బండ రేటు ఆయన్ని కట్టమనండి, మేం పాత కూలికే వస్తాం," అనేది మా కోడలు ఆయన వినేలాగే. ఆడవాళ్ళు నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు. పెంచితే పెంచుతారు, నా యాభై నాకు ఎలాగూ పైనే ఉంటుందనుకున్నాను.

ఆఖరికి చుట్టుపక్కల రైతులంతా కూచుని కూలి పెంచి, ఆడవాళ్ళందరికీ ఒకటే రేటు కట్టారు. కవర్లు నింపినా, కలుపు తీసినా, అంటు కట్టినా ఒకటే. పదకొండింటి టీ ఆగిపోయింది. ఆటోకి ఇచ్చే డబ్బులు ఆగిపోయాయి. ఎనిమిదింటికి మొదలయ్యే పని ఏడున్నరకే మొదలు. అయినా ఆడవాళ్ళ మొహాలు వెలిగిపోయాయి.

మొదటి శనివారం కూలి పుస్తకంలో నేను మూడో తరగతి అక్షరాలతో కూడబలుక్కుని పేరు రాశాను. నా కింద మా కోడలు ఇంగ్లీషులో గిలికేసింది. రెండు వరసల్లోనూ ఒకే అంకె. ఆ అంకె మీద నా వేలు కాసేపు ఉండిపోయింది.

ఇంటికొచ్చి కోడలు డబ్బులు నా చేతిలో పెట్టలేదు. "ఇద్దరికీ ఒకటే కదండీ వచ్చేది, ఇంటి ఖర్చు చెరిసగం పెట్టుకుందాం," అంది, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదే నన్ను ఎక్కువ కాల్చింది. సోమవారం మూడు గిన్నెల కొత్త క్యారేజీ పట్టుకొచ్చింది. నాది పిడి ఊడితే తీగ చుట్టి వాడుతున్నాను. మధ్యాహ్నం ఆ కొత్త క్యారేజీ చుట్టూ ఆడవాళ్ళు మూగేవారు. కూర ఒకరిది ఒకరు వేసుకోవడం, పకపకలు. నేను పందిరి కింద పీట మీద ఒక్కదాన్నే తినేదాన్ని. ఇరవై ఆరేళ్ళూ అలాగే తిన్నాను, అప్పుడెప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు ఆ నవ్వు వినిపిస్తే క్యారేజీ సగంలోనే మూసేసేదాన్ని. పని చేస్తూ కూడా మా కోడలు వైపే చూసేదాన్ని. ఎన్ని కవర్లు నింపింది, ఎంతసేపు నడుం ఎత్తి మాట్లాడింది. ఆ వారంలో నేను కట్టిన అంట్లు తర్వాత ఎప్పుడూ లేనన్ని కుళ్ళిపోయాయి.

రెండో శనివారం అందరూ ఆటో ఎక్కుతుంటే నేను రైతు దగ్గరికి వెళ్ళాను.

"బాబుగారండీ, మట్టి నింపే చేతికీ అంటు కట్టే చేతికీ ఒకటేనా అండి కూలి?"

"రేటు నేనొక్కణ్ణే కట్టలేదు మామ్మా. నీకు ఇంకో యాభై వెయ్యాలంటే ఎక్కణ్ణించి తెచ్చేది?"

"వాళ్ళకి కవరుకి ఇంతని గుత్త కట్టండి. నింపినదానికే డబ్బులు. మిగిలిందాంట్లోంచి నాకు వెయ్యండి."

ఆయన నన్ను కిందా మీదా చూసి నవ్వాడు. "మూడో తరగతేనా నువ్వు చదివింది?"

ఆ మాటకి పొంగిపోయాను కూడా. మట్టి కలపడానికీ, మొయ్యడానికీ, నీళ్ళు పెట్టడానికీ గుత్తలో లెక్క ఉండదని నాకు తెలుసు. వాన పడి మట్టి ముద్దయిన రోజున సగం కవర్లు కూడా నిండవనీ తెలుసు. తెలిసే చెప్పాను. మా కోడలొక్కతే నా కళ్ళలో ఉంది, మిగతా పదకొండు మందీ లేరు.

బుధవారం సాయంత్రం రైతు అందర్నీ పిలిచాడు. "రేపట్నించి కవర్లకి గుత్త. మామ్మకి మాత్రం రోజుకూలే, పైన యాభై. ఇది నా తెలివి కాదర్రా, మామ్మ చెప్పిన ఉపాయమే," అని నా వైపు చెయ్యి చూపించాడు. ఆటోలో నాకోసం ఎవరూ జరగలేదు. ఇంటికొచ్చాక జరిగింది మొదటే చెప్పాను.

ఆ గొడవ చివర్లో కోడలు అంది: "రేపు మేమెవరం గేటు దాటం. మీరు వెళ్ళండి అత్తయ్యా. మీ యాభై మీరు తెచ్చుకోండి."

"వెళ్తాను. నీ దగ్గర సెలవు తీసుకోవాలా?" అన్నాను.

మర్నాడు పొద్దున్న వాళ్ళు గేటు బయట రోడ్డువారగా కూచున్నారు. లోపల ఒరిస్సా వెళ్ళాల్సిన లారీ, మొక్కలెక్కించేవాళ్ళు లేక తెరిచి పెట్టి ఉంది. "మామ్మా, నువ్వు రా," అని రైతు పిలిచాడు. నేను వాళ్ళ మధ్యలోంచి నడిచి లోపలికి వెళ్ళాను. ఒకామె కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది.

పీట మీద కూచున్నాను. టెంక మొక్కలు తెచ్చి ముందు పెట్టేవాళ్ళు లేరు. నేనే లేచి రెండు వరసలు మోసుకొచ్చుకున్నాను. నడుం పట్టేసింది. పదకొండు అంట్లు కట్టాను. అప్పుడు గేటు బయట మా కోడలు ఏదో అంది, అందరూ ఒక్కసారి నవ్వారు. నా గురించో, కాదో. కత్తి మడిచి కొంగున కట్టుకుని బయటికి వచ్చేశాను. మంచితనంతో రాలేదు. వాళ్ళు దేనికి నవ్వుతున్నారో వినకుండా అక్కడ కూచోలేకపోయాను.

నన్ను చూడగానే నవ్వు ఆపేశారు. ఎవరూ రమ్మనలేదు. కోడలు తన పక్కనున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఖాళీలో కూచున్నాను.

"యాభై ఏమైందండీ?" అంది, నా వైపు చూడకుండా.

"నోరు ముయ్యవే," అన్నాను.

పది దాటాక లారీ డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తియ్యడం మానేశాడు. రైతు గేటు దగ్గరికొచ్చి, గుత్త లేదు, అందరికీ రోజుకూలే, లేచి రండన్నాడు. యాభై మాట ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. పన్నెండు మందీ లేచి చీరలు దులుపుకుని లోపలికి నడిచారు. మా కోడలు అందరికంటే ముందుంది. నేను వెనకాలే వెళ్ళి పీట మీద కూచున్నాను. ఎవరో టెంక మొక్కలు తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళారు. సాయంత్రం దాకా కట్టాను.