గుర్రం దిగి నడిచేవాడు

నా బడి స్నేహితుణ్ణి తలచుకుంటే వాడి ముఖం కన్నా ముందు వాడు గుర్రం దిగడం గుర్తొస్తుంది. ఊరు కనబడితే చాలు, దిగేవాడు. పొలిమేర దాటేదాకా కళ్లెం పట్టుకొని నడిచేవాడు.

నిజాం పాలన చివరి రోజులవి. ఆశ్వయుజంలో వానలు తగ్గాక కొల్లాపూర్‌లో మా అక్కను చూడటానికి ఇద్దరం బయలుదేరాం. గుర్రాలు వాళ్ల నాయినవి, కిరాయికి తిప్పేవాడు. ఊళ్లను దోచే ముఠాలు గుర్రాల మీద తిరుగుతున్నాయని విని, జొన్నచేలో ఆకు కదిలినా నాకు గుండె జారిపోయేది.

"గిట్ల నడుసుకుంట పోతె దొరికిపోతం. ఎక్కు!"

"జర ఓపిక పట్టు. ఊరు దాటనియ్," అనేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు.

మూడో ఊళ్లో నేను దిగలేదు. భయం కొద్దీ గుర్రాన్ని దౌడు తీయించాను. తలుపులు ధడేల్‌మని మూసుకున్నాయి. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకొని చేలల్లోకి పరుగెత్తారు. నిజంగానే ముఠా వచ్చిందనుకొని, ఎటు పోవాలో తెలియక గుర్రాన్ని ఆపేశాను. ఎదురుగా, పరుగెత్తలేని ఒక అవ్వ చేతులు జోడించి నిలబడి ఉంది.

"దొరా, ఇంట్ల గింజ లేదు. మొన్ననే మీవోళ్లు అంత కొంచవోయిండ్రు. కొట్టకు, నీ బాంచెన్."

ఇంతలో వాడు గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చాడు.

"అవ్వా, మేం గసుంటోళ్లం గాదు. దారిన పోయేటోళ్లం."

అవ్వ వాడి ముఖం చూడలేదు. నేల మీదున్న వాడి కాళ్లు చూసి చేతులు దించింది. తర్వాత నా వైపు తిరిగి మళ్లీ జోడించింది.

నా కాళ్లు ఇంకా రికాబుల్లోనే ఉన్నాయి.