ఇంజను వద్దన్న ఒప్పందం

ఆదిలక్ష్మి స్టుట్‌గార్ట్ దగ్గరి ఒక చిన్న ఊళ్లో నలభై ఏళ్లపాటు పిల్లల వైద్యం చేసింది. గుంటూరులో డాక్టరు చదువు ముగించి, డెబ్బైల్లో భర్త భాస్కరమూర్తి వెంట వచ్చింది. ఆయన కార్ల ఇంజన్లు తయారుచేసే ఇంజనీరు. ఊళ్లో సగం మందికి చిన్నప్పుడు సూది వేసింది ఆమే. ఆమె రిటైరైన మరుసటి వసంతంలో కరోనా వచ్చింది.

విమానాలు ఆగిపోయాయి. మే నెలలో ఒక మధ్యాహ్నం బాల్కనీలో దుప్పటి ఆరేస్తూ తలెత్తితే, కొండ అంచున తెల్లటిదేదో గుండ్రంగా తిరుగుతోంది. చప్పుడు లేదు. తిరిగేకొద్దీ పైకి పోతోంది.

"ఏమండీ, ఓసారి ఇటు రండి. అదేంటి, అలా పైకి పోతోంది?"

భాస్కరమూర్తి కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. "గ్లైడర్. ఇంజనుండదు దానికి. నేనైతే కాలు పెట్టను."

అది మేఘం దాకా వెళ్లేవరకూ ఆమె కదల్లేదు. చేతిలో దుప్పటి నీళ్లు కారుతూనే ఉంది. ఇన్నేళ్లూ ఆ కొండ కిందే ఉండి ఇది చూడలేదా అనిపించింది.

వారం తిరక్కుండా సైకిలెక్కి గ్లైడర్ల మైదానానికి వెళ్లింది. అక్కడ నేర్పే పెద్దాయన పేరు డీటర్ హాగ్. డెబ్బై దాటినవాడు. మాస్కులు పెట్టుకుని బెంచీకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు.

"ఈ దేశంలో ఏ కొండ దగ్గర చూసినా ఒక గ్లైడర్ క్లబ్బుందట. ఇంత ఇష్టం ఎక్కణ్నుంచి వచ్చింది మీకు?" అని జర్మన్‌లో అడిగింది.

"ఒక శిక్ష నుంచి, డాక్టరమ్మా," అన్నాడాయన. "నూరేళ్ల కిందట మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాం. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనంలో ఒప్పందం మీద మాతో సంతకం పెట్టించారు. యుద్ధానికి బాధ్యత మీదేనని రాశారు. కొన్ని ప్రాంతాలు పోయాయి. నష్టపరిహారం కట్టాలి, బొగ్గు పంపాలి, ఆఖరికి పాడి ఆవుల్ని కూడా రైలెక్కించి పంపాలి. యుద్ధవిమానం ఒక్కటీ ఉండకూడదు. ఇంజన్లున్న విమానాలు తయారుచేయడం కూడా కొన్నేళ్లు ఆపించారు."

"మరి?"

"ఇంజను లేనివాటి సంగతి ఎవరూ రాయలేదు. 1920 వేసవిలో కాలేజీ విద్యార్థులు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన పైలట్లు కర్రలూ గుడ్డలతో కట్టిన గ్లైడర్లు మోసుకుని ర్యోన్ కొండలెక్కారు. మొదట నిమిషాల్లోనే నేల మీద పడేవారు. రెండేళ్లకల్లా గంటలకొద్దీ తేలారు."

ఆదిలక్ష్మికి ఒళ్లు జలదరించింది. ఎక్కడో రాజభవనంలో పెట్టిన సంతకం, ఆకలితో ఉన్న మనుషులు, వాళ్లను మోసిన ఉత్త గాలి. ఆమె ఆకాశం వైపే చూస్తుంటే హాగ్ మెల్లగా అన్నాడు.

"అంత మురిసిపోకండి. మా నాన్నా అలాంటి కొండ మీదే నేర్చుకున్నాడు. తర్వాత బాంబర్ నడిపాడు. ఏ ఊళ్ల మీద నడిపాడో మా అమ్మక్కూడా చెప్పలేదు. ఒప్పందం మమ్మల్ని చాలా అవమానించింది, నిజమే. ఆ అవమానాన్ని చూపించి హిట్లర్ ఓట్లడిగాడు, మావాళ్లు వేశారు. కానీ బాంబు వదిలింది మా నాన్న చెయ్యి. దాన్ని నేను ఒప్పందం మీదికి నెట్టను."

ఆమె మైదానంలో నిలిపి ఉన్న గ్లైడర్ వైపు తిరిగింది. "నన్ను పైకి తీసుకెళ్తారా?" అంది.

జూన్‌లో ఇద్దరు కలిసి ఎగరడానికి అనుమతి వచ్చింది. మైదానం చివరనున్న యంత్రం గ్లైడర్‌కు కట్టిన తాడును లాగగానే నేల కిందికి జారిపోయింది. తగినంత ఎత్తుకు చేరాక తాడు ఊడింది. ఆ తర్వాత రెక్కల మీద గాలి రాసుకుపోతున్న సన్నని శబ్దం తప్ప ఏమీ లేదు. వెనక సీట్లోంచి హాగ్, "ఎడమ పక్క చూడండి," అన్నాడు. తోక చీలిన ఎర్ర గద్ద ఒకటి వాళ్ల పక్కనే, పైకి లేచే అదే వేడిగాలిలో, రెక్క ఆడించకుండా తిరుగుతోంది. దాని కన్ను కనిపించింది. అది వాళ్లను చూసింది, పట్టించుకోలేదు. ఆదిలక్ష్మి మాస్కు కన్నీళ్లతో తడిసింది.

ఇంటికొచ్చి గ్లైడర్ నడపడం నేర్చుకుంటానంది.

"అరవై తొమ్మిదేళ్లు నీకు," అన్నాడు భాస్కరమూర్తి.

"తెలుసండీ. అందుకే ఆలస్యం చెయ్యలేను."

ఆ చలికాలమంతా మళ్లీ లాక్‌డౌన్. వసంతంలో ఆమె టీకా కేంద్రంలో పనిచేసింది. ఒకప్పుడు తాను సూది వేసిన పిల్లలకే, ఇప్పుడు తల నెరిసినవాళ్లకి, మళ్లీ వేసింది. శని, ఆదివారాలు మైదానంలో గడిపింది. దిగేటప్పుడు రెండుసార్లు గ్లైడర్‌ను గట్టిగా నేలకు కుదేసింది. మూడోసారి భయపడి మానేద్దామనుకుంది కూడా. హాగ్ వెళ్లి తాడు తగిలించాడు.

2021 సెప్టెంబర్‌లో హాగ్ తాను ఎక్కకుండా, వెనక సీటు బెల్టులు ఖాళీగానే బిగించి, పక్కకు జరిగాడు. భాస్కరమూర్తి వచ్చి గ్లైడర్ ఒరగకుండా రెక్క చివర పట్టుకున్నాడు. గ్లైడర్ కదిలాక దాంతోపాటు పరుగెత్తి వదిలేశాడు.

పైన ఆమె ఒక్కతే. కింద ద్రాక్షతోటలు, తాను వెళ్లని ఇల్లు లేని ఊరు. ఎవరి నేల, ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది అక్కణ్నుంచి చూస్తే తెలియలేదు. గాలి మాత్రం కూర్చోబెట్టుకుని పైకి తీసుకెళ్లింది.

మెత్తగా దిగింది. మొదటిసారి ఒంటరిగా ఎగిరినవాళ్లకు ముళ్ల పూల గుత్తి ఇవ్వడం అక్కడి ఆచారం. హాగ్ చాచిన చేత్తో, దూరం నుంచే అందించాడు. గట్టిగా పట్టుకోవాలి, గుచ్చుకోవాలి, అదీ పద్ధతి. ఆదిలక్ష్మి రెండు చేతులా పట్టుకుంది.