పీతలకి లెక్కలు రావు

మా ఆవిడ కొత్త స్కూటర్‌ను సముద్రానికి అప్పగించి, మావగారిని పదకొండు కిలోమీటర్లు నడిపించిన ఘనత నాది. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

సునామీ మా దీవుల్ని ముంచి వెళ్లిన ఏడాదికి మావయ్యగారు, కుర్రతనంలో తను రాళ్లు కొట్టిన క్వారీ బస్తీ చూస్తానన్నారు. జనం ఖాళీ చేసి వెళ్లి ఏళ్లయింది. డైరీ ఫార్మ్ పేటలో మా గుమ్మం దగ్గర మా ఆవిడ సరళ తాళం ఇస్తూ, “ఒక్క గీత పడినా మీరు ఇంటికి రావద్దు. బండిని పంపండి, చాలు” అంది.

నాకేం భయం? పోటు ఎప్పుడొస్తుందో, ఎంతెత్తు వస్తుందో పన్నెండేళ్లుగా నోటుబుక్కులో నేనే రాసి, నేనే గుణించి, నేనే మెచ్చుకుంటున్నాను. అందరూ “నీళ్లు పైకొస్తున్నాయి” అంటుంటే, పాపం ఇంకా జడుపు తగ్గలేదనుకున్నాను.

సముద్రపు పాయ పక్కన బండి ఆపాను. నా లెక్కలో పోటు అక్కడికి మూడడుగుల కిందే ఆగాలి.

“అల్లుడుగారూ, ఇక్కడ పీత బొరియలున్నాయి, నీళ్లొచ్చే చోటు. బండిని గట్టెక్కించండి.”

“పీతలకి లెక్కలు రావు, మావయ్యగారూ.”

పైన బస్తీలో గోడల్లేవు, తీగలు కప్పేసిన అరుగులే. “నలభై గదులుండేవి” అంటూ ఆయన తన గది అరుగు మీద చెయ్యేశారు. తీగలు పక్కకి లాగి దాన్ని నిమిరారు. మంచి మనిషైతే ఊరుకునేవాడు. నేను లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. మళ్లీ పెట్టాను, ముప్పై తొమ్మిది. మూడోసారికి నలభై తేలేసరికి పొద్దు వాలింది.

దిగొచ్చి చూస్తే బండి లేదు. నీళ్ల మీద రెండు అద్దాలున్నాయి, నత్త కొమ్ముల్లా.

మోకాల్లోతు నీళ్లలోకి దిగి నోటుబుక్కు తిరగేశాను. “లెక్క ప్రకారం నీళ్లు ఇక్కడికి రాకూడదు!”

“ఆ సంగతి నీళ్లకి చెప్పండి” అన్నారు మావయ్యగారు.

పడవలో పోతున్న ఒకాయన అరిచాడు: “అరే భయ్యా, సునామీకి ఇక్కడి జమీన్ కిందకి దిగిపోయింది, మాలూమ్ నహీ క్యా?”

సముద్రాన్ని కొలిచాను, చంద్రుణ్ణి కొలిచాను. కాళ్ల కింది నేల మాత్రం ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను! తాడిని తన్నేవాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. నా తలదన్నింది అంగుళమున్నర పీత.

ఇంటికొచ్చేసరికి సరళ మా కాళ్ల బురద చూసింది. “బండేదండీ?”

“ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది. నేలే కిందకెళ్లింది.”

ఆమె తండ్రివైపు తిరిగింది. “నాన్నా, మీ బస్తీలో గదులున్నాయా?”

“నలభై, అమ్మా. మీ ఆయన మూడుసార్లు లెక్కపెట్టాడు. గోడలే లేవు.”

“ఫరవాలేదు. ఒకటి ఈయనకి ఇప్పించు.”

ఆనాడే, తడి నోటుబుక్కు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో పీతని సంప్రదించకుండా బండి స్టాండు వేయను.