సేటమ్మ గారి చల్లని పండగ, మా పిన్ని వెచ్చబెట్టిన కఢీ

జగ్గయ్యపేట బజారులో ఒక అమ్మవారిని, ఒంటిచేత్తో, గుమ్మంలోనే నిలబెట్టి వెనక్కి పంపిన మనిషి ఎవరయ్యా అంటే మా ప్రేమకుమారి పిన్ని. నమ్మనివాళ్ళు మానండి. ఆవిడ చేసిన పెసరపప్పు హల్వా వాసనకి సిమెంటు లారీలు హైవే దిగి బజారులోకి వచ్చేసేవని నేను చెప్పినప్పుడు కూడా మొదట్లో ఎవరూ నమ్మలేదు. తరవాతా నమ్మలేదనుకోండి, అది వేరే సంగతి.

పిన్నిది నందిగామ పక్క పల్లె. పెళ్ళి చేసుకుని పేటకి వచ్చింది. మాది చర్చి కుటుంబం. ఆదివారం ఆరాధన, ఇంటికొచ్చాక చేపల పులుసు, ఈ రెండూ లేకపోతే మాకు వారం గడిచినట్టు ఉండదు. అలాంటి మనిషి పోయి పోయి స్టీలు సామాన్ల కొట్టు మీద మేడలో ఉండే మార్వాడీల ఇంట్లో వంటకి కుదిరింది. ఆ ఇంటి పెద్దావిడ పేరు సుగనీబాయి. రాజస్థాన్ నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చి, ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. బజారంతా ఆవిణ్ణి సేటమ్మ గారంటారు. కొడుకు కొట్టు చూసుకుంటాడు. కోడలు కోమల్. వాళ్ళకి ఒక్కతే కూతురు, పీహూ. అప్పుడప్పుడే బడికి పోతోంది.

వంటింట్లో మొదటి పాఠం వంట కాదు, చేతులు కడగడం.

"ప్రేమా, చెయ్యి చూపించు. నిన్న చేపలు తిన్నావా?"

"ఆదివారం కదండీ సేటమ్మ గారూ."

"శనగపిండితో కడుగు. మళ్ళీ కడుగు. ఆఁ, ఇప్పుడు పిండి ముట్టు."

ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, చింతపండు ఊసు లేదు. వాము వేసిన శనగపిండిని వేళ్ళంత చుట్టలు చేసి, ఉడికించి, ముక్కలు కోసి పెరుగులో ఉడకబెట్టే గట్టె కూర నేర్చుకుంది. నిప్పుల మీద కాల్చి నేతిలో ముంచే గోధుమపిండి బాటీలు నేర్చుకుంది. మరుగుతున్న నేతిలోకి పిండిని సన్నటి ధారగా పోస్తే జల్లెడలాగా పొంగే ఘేవర్ అనే మిఠాయి ఉంది చూడండి, దానికి మాత్రం చాలా నెయ్యి తగలేసింది.

"ఇంత నెయ్యి మా ఇంట్లో పోస్తే, కూర వండావా దీపం పెట్టావా అంటాడండీ మా ఆయన."

"మీ ఆయనకి నెయ్యి పెట్టు. నోరు మెత్తబడుతుంది," అనేది సేటమ్మ.

అట్లా ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకుంటూ బాగానే ఉన్నారు. భయం అనేది ఆ వంటింట్లోకి ఒక పండగ పేరుతో వచ్చింది.

హోళీ వెళ్ళిన వారానికి వాళ్ళు బాసోడా అని చేస్తారు. శీతలమ్మ పండగ. మన ఆటలమ్మ, పోలేరమ్మ ఉన్నారే, ఆ కోవ తల్లి. పిల్లలకి పొక్కులు పోసేదీ ఆవిడే, చల్లార్చేదీ ఆవిడే. ఆవిడకి వేడి పడదు. అందుకని ముందురోజే అన్నీ వండేసి, పొయ్యి కడిగి, దానికి పసుపు రాసి బొట్టు పెట్టి దణ్ణం పెడతారు. మర్నాడు ఆ ఇంట్లో నిప్పు పుట్టకూడదు. టీ కూడా లేదు. ఆవిడ వచ్చి పొయ్యిలో కూర్చుంటుందట. ఎవరైనా వెలిగిస్తే ఒళ్ళు కాలి, ఆ ఇంటి పిల్లల మీద చూపిస్తుందట. ఇంటిల్లిపాదీ ఆ రోజంతా నిన్నటి చద్దే తినాలి.

పిన్నికి ఇదంతా సేటమ్మ ముందే చెప్పింది. పిన్ని వింది, తలూపింది. తియ్యన్నం, గోధుమపిండి బూరెలు, పెరుగు వడలు, సజ్జ అంబలి, పెద్ద గిన్నెడు కఢీ అన్నీ ఆవిడే వండింది. కఢీ అంటే వేరే ఏం కాదు, మన మజ్జిగ పులుసుకి మేనత్త కూతురు.

రాజస్థాన్ సంగతి నాకు తెలియదు గానీ, మా పేటలో మార్చి నెలాఖరంటే సున్నపురాయి క్వారీల మీద నుంచి వచ్చే గాలికే అప్పడాలు వేగుతాయి. దానికి తోడు ముందురోజు సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి బజారుకి కరెంటు లేదు. ఫ్రిజ్ ఉత్త బీరువా అయిపోయింది.

పొద్దున్నే పిన్ని వెళ్ళి కఢీ మీద మూత తీసింది. పుల్లటి వాసన. అంచుల్లో సన్నగా బుడగలు. మన ఇళ్ళల్లో ఏ ఆడమనిషైనా అప్పుడేం చేస్తుంది? నిన్నటి చారు, నిన్నటి పులుసు పొద్దున లేవగానే ఒక పొంగు రానిస్తుంది. ఆ పని తలతో చెయ్యరు, చేత్తో చేస్తారు. లైటర్ కనపడకపోతే దేవుడి గూట్లో అగ్గిపెట్టె తీసుకుని ముట్టించింది. కఢీ తెర్లుతుంటే గరిటె తిప్పుతూ, కింద పసుపు మాడిన వాసన వచ్చాక చూసుకుంది. పొయ్యికి పెట్టిన కుంకుమ బొట్టు నల్లగా కమిలిపోయి ఉంది.

గబుక్కున ఆపేసింది. గిన్నెని నీళ్ళ బేసిన్‌లో పెట్టింది. మాడిన బొట్టు కొంగుతో తుడిచి, వేలితో కొత్త బొట్టు పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక పిన్ని బొట్టు ముట్టుకోవడం అదే మొదలు.

కాసేపటికి సేటమ్మ వచ్చి గిన్నె మీద చెయ్యి వేసింది.

"వెచ్చగా ఉందేమి?"

"కిటికీ పక్కన పెట్టానండీ. ఎండ తగిలింది."

సేటమ్మ పిన్ని మొహంలోకి ఒకసారి చూసింది. అమ్మవారికి అందులో నుంచే నైవేద్యం తీసింది.

మర్నాటికి పీహూకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆ మర్నాడు పొట్ట మీద, చెవుల వెనక నీటి పొక్కులు ముత్యాల్లాగా లేచాయి. సేటమ్మ చూసి రెండు చేతులూ జోడించింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. పిల్లని వేపాకుల మీద పడుకోబెట్టారు. పొయ్యి కింద ఊడుస్తుంటే ఆవిడకి కాలిన అగ్గిపుల్ల దొరికింది.

అది అరచేతిలో పెట్టుకుని సేటమ్మ నేరుగా కోడలి దగ్గరికి పోయింది. కోమల్‌కి పొద్దున్నే టీ లేకపోతే తలనొప్పి అని ఇంట్లో అందరికీ తెలుసు.

"ఒక్కరోజు ఆగలేవా నువ్వు? నీ టీ కోసం నా మనవరాలిని బలి పెడతావా?"

"నేను వెలిగించలేదు మమ్మీజీ!"

"మరి అగ్గిపుల్లకి కాళ్ళొచ్చాయా? వెలిగించినవాళ్ళు మాత ముందు ఒప్పుకొని క్షమాపణ అడగాలి. అప్పటిదాకా ఈ పిల్లకి మందు లేదు, సూది లేదు. మందు వేస్తే ఆమెకి ఇంకా కోపం."

కొడుకు కారేసుకుని సరుకు కోసం హైదరాబాదు పోయాడు. ఫోన్‌లో అమ్మ మాటకి ఎదురు చెప్పలేక నసిగాడు. పిన్ని అక్కడే తలుపు దగ్గర నిలబడి ఉంది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుని వంటింట్లోకి పోయింది.

రెండ్రోజులాగి ఒక మధ్యాహ్నం ఆవిడ నేను ఆటో పెట్టుకునే స్టాండుకి వచ్చింది. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. ఆటోలో కూర్చుని సంగతంతా చెప్పింది. నేను ఊరుకునే రకమా?

"అయితే పిన్నీ, ప్రభువుని నమ్ముకున్నదానివి, ఈ అమ్మవారికి భయపడుతున్నావా? పాస్టర్ గారికి చెప్పనా?"

"చెప్పరా రత్నబాబూ, పోయి చెప్పు. వేరే దేవతకి భయపడతన్నానని చెప్పి ఏమని ప్రార్థన చేస్తారో నువ్వే అడుగు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు ఆవిడుందో లేదో తెలియదురా. పిల్ల మూలుగు మాత్రం తెలుస్తంది. పొద్దున నా వేలు పట్టుకుంది. ఆ చెయ్యి పెనంలాగా ఉంది. అది పోతే నేను వండి చంపినట్టే కదా."

నవ్వబోయి ఆగిపోయాను. పట్టపగలు, చుట్టూ నలుగురు డ్రైవర్లున్న స్టాండులో, నాకు వీపు మీద చల్లగా పాకింది. నేను చీకట్లో శ్మశానం పక్కన ఆటో ఆపి నిద్రపోయిన మొనగాణ్ణి, ఆ సంగతి పేటంతా తెలుసు. కానీ మన పిన్ని కళ్ళల్లో భయం చూడటం వేరు.

"పద, చెప్పేద్దాం. నేనూ వస్తా."

"నువ్వు కిందే ఉండు. ఆటో స్టార్ట్ చేసి ఉంచు."

నేను కింద ఉంటానా? మెట్ల మీద నక్కి నిలబడ్డాను. పైన పీహూ మూలుగు ఆగి ఆగి వస్తోంది. మధ్యలో ఆగినప్పుడల్లా మళ్ళీ వస్తుందా రాదా అని చెవి రిక్కించాను. కోమల్ ఏడుపు గొంతుతో అంటోంది:

"సరే మమ్మీజీ, నేనే వెలిగించా. ఒప్పుకుంటున్నా. ఇప్పుడన్నా డాక్టర్ దగ్గరికి పంపండి!"

"ఆవిడ కాదండీ," అంది పిన్ని. "నేను. కఢీ పులుస్తుందని వెచ్చబెట్టా. బొట్టు మాడితే కొత్తది పెట్టా. ఎండ తగిలిందని అబద్ధం చెప్పా. మీ అమ్మవారికి కోపమొస్తే నన్ను పట్టుకోమనండి, పిల్ల జోలికి వద్దనండి. ఏ గూటి ముందు పడమంటే అక్కడ పడతా. ముందు పిల్లని కదలనివ్వండి సేటమ్మ గారూ."

పైన పిల్ల మూలుగు ఆగింది. నేను ఒక మెట్టు ఎక్కాను.

నీళ్ళు కుమ్మరించిన చప్పుడు వినపడింది. తరవాత కోమల్ చెప్పింది, సేటమ్మ చెంబెడు చల్లనీళ్ళు తెచ్చి పొయ్యి మీద పోసి, పిన్ని చేత దణ్ణం పెట్టించి, తనూ పెట్టిందట. ఆ పైన ఆవిడ గొంతు:

"ఆటో పిలువు."

వాళ్ళ పిల్లల డాక్టరు నందిగామలో. నేను నడిపిన తీరుకి చిల్లకల్లు టోల్‌గేటు కర్ర దానంతటదే లేచింది. వెనక సీటులో కోమల్ ఒడిలో పిల్ల, పక్కన వేపమండతో విసురుతూ సేటమ్మ, నా పక్కన అంచు మీద పిన్ని. లారీలు రాసుకుంటూ పోతున్నాయి. అద్దంలో పిల్ల తల ఊగుతూనే ఉంది, కళ్ళు తెరవడం లేదు. నందిగామ దాటించి కంచికచర్ల దాకా పోయేవాణ్ణి, పిన్ని నా భుజం మీద కొట్టకపోతే.

డాక్టరు పిల్లని లోపల పెట్టుకుని, సెలైన్ ఎక్కించి, బయటికొచ్చి కసిరాడు. ఆటలమ్మేనట. గోకిన పొక్కులు చీము పట్టి జ్వరం పెరిగిందట. రేపటిదాకా ఆగితే తన చేతుల్లో ఉండేది కాదన్నాడు.

సేటమ్మ మెల్లగా అడిగింది. "మా పండగనాడు పొయ్యి వెలిగించినదానికీ దీనికీ..."

"ఏ పొయ్యమ్మా? ఇది ఒంట్లో చేరి ఎన్నో రోజులై ఉంటుంది. ఆ బడిలో పిల్లలు సగం మంది నా దగ్గరే ఉన్నారు. మీ పండక్కి ముందే వచ్చేసింది."

పిన్ని గోడకి ఆనుకుని కింద కూర్చుంది. సేటమ్మ ఆవిడ పక్కనే, ఆసుపత్రి నేల మీద, పట్టుచీరతో చతికిలబడింది. కొంగులో ముడేసిన బూరె ఒకటి తీసి తుంచి సగం పిన్ని చేతిలో పెట్టింది. "తిను. పొద్దుట్నుంచీ ఏం తినలేదు నువ్వు."

పీహూ లేచి తిరుగుతోంది. నుదుటి మీద ఒక్క మచ్చ మిగిలింది. పిన్ని అదే ఇంట్లో వండుతోంది. శీతలమ్మ పండగ ముందురోజు మాత్రం వంట అవగానే సేటమ్మ సిలిండర్ రెగ్యులేటర్ ఊడదీసి కొంగున కట్టుకుంటోంది.

ఇదంతా రాసి పిన్నికి చదివి వినిపించాను. బాటీ పిండి పిసుకుతూ, తలెత్తకుండా అంది:

"అమ్మవారిని నేనెక్కడ ఆపానురా? కఢీ వెచ్చబెట్టా. భయమేసి రెండ్రోజులు చెప్పలా. ఆ రెండ్రోజులూ పిల్లకి మందు పడలా. పిల్లని బాగు చేసింది డాక్టరు."